ఆఫీసు కిటికీ మా షాపులోకి వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక యూనివర్సిటీ గేటుకు ఎదురుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. 2007లో రెండు కంప్యూటర్లు, ఒక సెకండ్‌హ్యాండ్ జిరాక్స్ మిషన్‌తో మొదలుపెట్టాం. మా ఆయన మస్కట్ పోయాక షాపు పూర్తిగా నా మీదే పడింది. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే యూనివర్సిటీ పేరు రాసినట్టే అవుతుంది. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం అనుకోండి, చాలు.

యూనివర్సిటీలో ఇంకో సేవ ఆన్‌లైన్ అయింది, ఇక విద్యార్థి ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చు అని మీ పేపర్లో తరచూ వార్త వస్తుంటుంది. పక్కన పెద్దలు బటన్ నొక్కుతున్న ఫొటో ఉంటుంది. ఆ ఫొటో వచ్చిన వారం నా షాపులో కుర్చీలు చాలవు. ఇంట్లో కూర్చుని అయ్యే పనే అయితే ఈ పిల్లలంతా మండుటెండలో నా మెట్ల మీద ఎందుకు కూర్చుంటారని ఎవరూ అడగరు. నేనూ ఇన్నాళ్లూ అడగలేదు. నా గల్లా నిండుతోంది కదా అని ఊరుకున్నా. పోయిన సెమిస్టర్ పరీక్షల ముందు జరిగిన ఒక సంగతి మనసులో ముల్లులా ఉండి ఇప్పుడు రాస్తున్నా.

పాత రోజులు బంగారమని మాత్రం అనను. ఆ రోజులు నేను దగ్గర్నుంచి చూశా. ఒక ప్రొవిజినల్ సర్టిఫికెట్ కోసం పిల్లలు ఎర్రబస్సెక్కి వచ్చేవాళ్లు. అప్లికేషన్ ఒక చోట కొనాలి, డీడీ ఇంకో చోట తీయాలి, రెండూ పిన్ను కొట్టి కిటికీలో ఇవ్వాలి. లోపలాయన టీకి పోయి ఉంటే మధ్యాహ్నం దాకా నిలబడాలి. "రేపు రా" అన్న మాట ఈ గేటు దగ్గర ఎన్ని వేలసార్లు విన్నానో. చాయ్ పైసల సంగతి సరేసరి. డిగ్రీలో చేరాలంటే కాలేజీ కాలేజీకీ తిరిగి ఫారాలు కొనేవాళ్లు. 2016లో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే దోస్త్ వచ్చాక ఒక్క రిజిస్ట్రేషన్‌తో ఉస్మానియా నుంచి శాతవాహన దాకా ఎక్కడి కాలేజీకైనా ఆప్షన్లు పెట్టుకునే వీలు కలిగింది. ఆడపిల్లను ఒంటరిగా పట్నం పంపలేక దగ్గర్లో ఉన్న ఏదో కాలేజీతో సరిపెట్టుకునే తండ్రులు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నా దగ్గర కోఠిలో ఉన్న కాలేజీ పేరు వెతికించారు. మెమోలు డిజిలాకర్‌లో, అంటే సర్కారు వాళ్ల ఆన్‌లైన్ బీరువాలో, దొరకడం కూడా మేలే. తడిసినా, పోయినా మళ్లీ తీసుకోవచ్చు. నేను కంప్యూటర్‌కు వ్యతిరేకిని కాను. దాని మీదే బతుకుతున్నా.

ఇక ఆ సంగతి. ఆదిలాబాద్ అవతల ఒక తండా నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లాడు. బీఏ రెండో సంవత్సరం. పరీక్ష ఫీజు ఫారం తన ఫోన్లోనే నింపుకున్నాడు. నాకిచ్చే 30 రూపాయలు మిగుల్చుకుందామనుకున్నాడు, అందులో తప్పేముంది? ఆ ఫోన్ అద్దం ఒక మూల పగిలి, దాని మీద సెల్లోటేప్ అతికించి ఉంది. మీడియం అన్న చోట వేలు పెడితే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ అని జాబితా కిందికి జారుతుంది. తెలుగు మీద పెట్టిన వేలు ఆ టేపు దగ్గర తడబడింది. ఉర్దూ పడింది. వాడు చూసుకోలేదు. ఒకసారి పంపాక మార్చడానికి వీల్లేదని ఎర్ర అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. అదీ చదవలేదు. ఫైనల్ సబ్మిట్ కొట్టేశాడు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. కాగితం మిషన్‌లోంచి వస్తుండగా నేనే చూశా.

"ఏం రా, ఉర్దూలో రాస్తవా పరీక్ష?"

"లేదక్కా, నాకు ఉర్దూ రానే రాదు."

కాగితం చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ పూట పరీక్షల విభాగానికి పోయాడు. మా చేతుల్లో ఏం లేదు, సైట్‌లోనే కంప్లైంట్ పెట్టు అన్నారు. నా షాపులోనే పెట్టాం. మీ సమస్య నమోదైంది అని ఒక నంబరు వచ్చింది. మర్నాడు కంప్యూటర్ సెంటర్‌కు పోయాడు. డేటా లాక్ అయిపోయింది, సాఫ్ట్‌వేర్ చూసే ఏజెన్సీ వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, వాళ్లు తెరిస్తేనే మారుతుంది అన్నారు. ఏజెన్సీ నంబరుకు నా ల్యాండ్‌లైన్ నుంచి చేశాం. అన్ని లైన్లూ బిజీగా ఉన్నాయని ఒక ఆడమనిషి గొంతు, తర్వాత పాట. ఆ పాట నాకిప్పటికీ కంఠతా వచ్చు. మెయిల్ పెడితే అదే నిమిషంలో జవాబు వచ్చింది, ఈ మెయిల్‌కు జవాబివ్వకండి అని. వాడు మూడు రోజులు అన్నం సరిగ్గా తిన్నాడో లేదో తెలియదు. చదువు మాత్రం ఒక్క ముక్క సాగలేదు, నాకు తెలుసు.

మూడో రోజు సాయంత్రం ఎవరో చెబితే ఒక సూపరింటెండెంట్ గారి దగ్గరికి పోయాడు. రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి. ఆయన హాల్‌టికెట్ చూశారు, పిల్లాడి ఫస్టియర్ మెమో చూశారు. ఉర్దూ అన్న మాట కొట్టేసి పైన తెలుగు అని రాశారు. అసిస్టెంట్ రిజిస్ట్రార్ గారి దగ్గరికి తానే నడిచి వెళ్లి పచ్చ ఇంకుతో సంతకం పెట్టించి, గుండ్రటి సీలు వేయించారు. పరీక్ష సెంటర్‌కు ఫోన్ చేసి, తెలుగు పేపరు ఒకటి ఎక్కువ ఉంచండి, ఫలానా నంబరు పిల్లాడు వస్తాడు అని చెప్పారు. మొత్తం పది నిమిషాల పని. వాడు షాపుకు వచ్చి ఆ హాల్‌టికెట్‌ను రెండు కాపీలు జిరాక్స్ తీయించుకున్నాడు. డబ్బులు వద్దన్నా.

ఆయన తర్వాత రిటైరయ్యారు. ఆయన కూర్చునే గది కిటికీ మూసేసి, దాని మీద ఒక కాగితం అంటించారు. అన్ని సేవలూ ఆన్‌లైన్‌లోనే అని రాసి, కింద క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే పిల్లాడు మూడు రోజులు తిరిగిన ఆ సైటే తెరుచుకుంటుంది.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. యూనివర్సిటీ ఆన్‌లైన్ కావడంతో కిటికీలు పోలేదు, గేటు దాటి మా షాపుల్లోకి వచ్చాయి. ఆ పాత కిటికీ వెనక, చిరాకు పడుతూనో లంచం అడుగుతూనో, తప్పు దిద్దగలిగిన మనిషి ఒకరుండేవారు. మా షాపు కిటికీ వెనక ఉన్న నాకు ఫారం నింపడం వచ్చు గానీ దిద్దే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లేమో కనబడరు.

మన ఇంటిపేర్ల గోల ఇంకొకటి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, ఇంటర్‌లో ఒట్టి పొడక్షరం. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు. ఏది ఎందులో రాయాలో ఇద్దరు పిల్లల్ని అడిగితే మూడు జవాబులు వస్తాయి. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. చదివిన క్రెడిట్లు బ్యాంకులో డబ్బులా జమ అవుతాయి, కాలేజీ మారినా వెంట వస్తాయి. ఆలోచన మంచిదే. ఆ ఖాతా తెరవాలంటే ఆధార్ ఓటీపీ కావాలి, పేర్లు కలవాలి. ఇక్కడేమో పరీక్ష ఫారానికి ఆ ఖాతా నంబరు ముడిపెట్టారు. నంబరు లేకపోతే ఫారం ముందుకు కదలదు.

ఒకమ్మాయికి ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు వాళ్ల నాన్నది. ఆయన దుబాయ్‌లో ఉంటాడు, ఇక్కడి సిమ్ రీచార్జ్ చేయక ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయిన నంబరును కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తుంది. ఫీజుకు ఆఖరి తేదీ. ఆధార్ సెంటర్‌కు పోయి నంబరు మార్పించుకునే టైం లేదు. ఏం చేయాలో తోచక ఆ నంబరుకే ఫోన్ చేశాం. ఎత్తినాయన లారీ డ్రైవర్. మహారాష్ట్రలో సిరోంచ దగ్గర బండి నడుపుతున్నాడట. విషయం చెప్తే, "అమ్మా, నాకు ఏడాది నుంచి ఎవరివో ఓటీపీలు వస్తనే ఉన్నయ్. మీదేనా?" అన్నాడు. బండి పక్కకు ఆపి, ఒక్కో అంకె రెండుసార్లు చదివి చెప్పాడు. మొదటిసారి టైం దాటింది. రెండోసారి సైట్ ఆగింది. మూడోసారి పని అయింది. ఆ అమ్మాయి ఆయనకు దండాలు పెట్టింది, ఫోన్లోనే.

ఆ డ్రైవరన్న చల్లగా ఉండాలి. కానీ ఆ రాత్రి షట్టర్ దించుతుంటే నాకు భయమేసింది. ఆయన మంచివాడు కాకపోయి ఉంటే? అసలు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు రోజూ మెసేజ్‌లు పంపుతాయి. నా షాపులో రోజంతా వినపడే మాట ఒకటే: "అక్కా, ఓటీపీ చెప్తున్నా, రాసుకో."

ఇంకో భయం నా టేబుల్ సొరుగులో ఉంది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. పిల్లలు వచ్చే ఏడాదికి పాస్‌వర్డ్ మరిచిపోతారు, పాత నంబరు పోగొట్టుకుంటారు. అందుకని లాగిన్లు, పాస్‌వర్డ్‌లు అందులో రాసి పెట్టమని వాళ్లే అడుగుతారు. ఇది నాలుగో నోట్‌బుక్. పాస్‌వర్డ్‌లు కూడా అందరివీ ఒకే తీరు. పేరు, తర్వాత 123. ఇక కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, ఆడపిల్లల ఫొటోలు. రోజూ రాత్రి కూర్చుని తుడిచేస్తా. గేటు దగ్గర మాలాంటి షాపులు పదకొండున్నాయి. అందరూ తుడుస్తారని నేను హామీ ఇవ్వలేను. వ్యక్తుల సమాచారం కాపాడాలని 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం చేసినవాళ్లు నా సొరుగు ఒకసారి చూస్తే బాగుండు.

డబ్బు మాటకొస్తే, మొన్న ఖాళీగా ఉన్నప్పుడు బిల్లు పుస్తకం పెట్టుకుని లెక్క వేశా. స్కాలర్‌షిప్ రెన్యువల్, రెండు సెమిస్టర్ల ఫీజు ఫారాలు, ఫొటో 50 కేబీకి తగ్గించడం, సంతకం స్కాన్, హాల్‌టికెట్లు, రీవాల్యుయేషన్ ఉంటే అది, పైగా ఆన్‌లైన్‌లో పెట్టినవే మళ్లీ హార్డ్ కాపీలు తీసి కాలేజీలో ఇవ్వడం. ఒక్కో పిల్లాడు ఏడాదికి నా దగ్గరే 600 నుంచి 700 రూపాయలు ఖర్చు పెడుతున్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలు వీళ్లు. ఈ ఖర్చు ఏ జీవోలోనూ ఉండదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కంప్యూటర్లు లేవు. 2017-18లో చేసిన జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో 100 ఇళ్లకు 4.4 ఇళ్లలోనే కంప్యూటర్ ఉందని తేలింది, పట్టణాల్లో 23.4. పల్లె పిల్లాడి చేతిలో ఉన్నది ఫోన్, సైట్ తయారు చేసినవాడి ముందున్నది పెద్ద స్క్రీన్. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే నా షాపు నడుస్తోంది. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులప్పుడు గుట్టలెక్కి సిగ్నల్ పట్టుకున్న పిల్లలే తర్వాత నా దగ్గరికి వచ్చి పీడీఎఫ్ ఎలా చేయాలి అక్కా అని అడిగారు. వాళ్లకు తెలివి లేక కాదు. ఆ ఫారాన్ని ఫోన్లో నింపి చూడకుండానే సైట్‌లో పెట్టేశారు.

చూపు లేని ఒకబ్బాయి పీజీ చదువుతున్నాడు. అతని ఫోన్ అన్నీ చదివి వినిపిస్తుంది. మెసేజ్‌లు, పేపర్లో వార్తలు, పాఠాలు, అన్నీ. సైట్‌లో వంకర టింకర అక్షరాల క్యాప్చా మాత్రం చదవదు, అది బొమ్మ కాబట్టి. "పీజీ చదువుతున్న గానీ, ఆరు అక్షరాలు చదివించుకోనీకి నీ దగ్గరికి రావాల్సొస్తుందక్కా" అన్నాడొకసారి నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు కెమెరా ముందు కళ్లార్పి చూపించలేక బ్యాంకులూ అవీ అడిగే గుర్తింపు తనిఖీ, అదే కేవైసీ, చేసుకోలేకపోతున్నామని సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు ఇచ్చింది. క్యాప్చాను చదివి వినిపించే బటన్ ఒకటి పెడితే ఆ అబ్బాయికి నా అవసరం ఉండదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. నేను డీటీపీ కూడా చేస్తా. తెలుగు శాఖ రీసెర్చ్ స్కాలర్ల థీసిస్‌లు చాలా వాటిని నేనే కొట్టాను, అను ఫాంట్లలో. అప్పట్లో అందరం అవే వాడేవాళ్లం. ఇప్పుడు థీసిస్‌లన్నీ శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, ఎక్కడివాళ్లయినా చదువుకోవచ్చు. మొన్నొక అమ్మాయి అలాంటి పాత పీడీఎఫ్ తెచ్చి, ఇందులో ఒక పేరు వెతకాలక్కా అంది. వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి పక్కన పెడితే పిచ్చి గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కాదు కదా అవి. నాలుగైదేళ్లు ఊరూరా తిరిగి రాసిన పని కంప్యూటర్‌లో ఉండీ లేనట్టే. ఆ అమ్మాయి 300 పేజీలూ కళ్లతోనే తిప్పింది. చివర్లో టైపు చేసినవారి పేరు చూసి నన్ను చూసింది. నేనేం మాట్లాడలేదు.

నేను బీఏ చదివింది అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో, పెళ్లయ్యాక. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో పెట్టారు. దూరవిద్య కాబట్టి అంతా పోస్టులోనే నడిపించేయవచ్చు. కానీ స్టడీ సెంటర్ అని ఒకటి పెట్టారు, ఆదివారాలు క్లాసులు పెట్టారు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ఇప్పటికీ ఆ తెలుగు పుస్తకాలు కొంటారు, నా షాపులోనే ఎన్నో జిరాక్స్ అవుతాయి. దూరం నుంచి చదివేవాళ్లకే దగ్గర్లో ఒక మనిషి కావాలని ఆ రోజుల్లో తెలిసింది. హాస్టల్‌లో, గేటు లోపలే ఉన్న పిల్లలకు ఇప్పుడు ఆ మనిషి లేడు.

అందుకని యూనివర్సిటీ పెద్దలను ఒక్కటి అడుగుతున్నా. మూసిన ఆ కిటికీ తెరవండి. పాత పనులకు కాదు, తప్పులు దిద్దడానికి. అక్కడ కూర్చునే మనిషికి సిస్టమ్‌లో మార్చే లాగిన్ ఇవ్వండి, మార్చినట్టు తేదీతో రసీదు ఇవ్వమనండి. ఓటీపీ రాని పిల్ల కాలేజీ గుర్తింపు కార్డుతో ఎదురుగా వచ్చి నిలబడితే, ఈమే ఆమె అని నమ్మండి. ఫైనల్ సబ్మిట్ అయ్యాక కూడా రెండు రోజులు దిద్దుకునే వీలు ఇవ్వండి. ఆ ఎర్ర అక్షరాల వాక్యం తెలుగులో కూడా రాయండి. క్యాంపస్ లైబ్రరీలో పది కంప్యూటర్లు పెట్టి, కంప్యూటర్ సైన్స్ పిల్లలకే గంటకింత అని ఇచ్చి ఫారాలు నింపే సాయం పెడితే, వాళ్లకు చేతిఖర్చులు, వీళ్లకు నా 600 మిగులుతాయి. నా బేరం పడిపోతుంది, తెలుసు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు చేసుకుంటా.

వచ్చే సెమిస్టర్ నోటిఫికేషన్ వచ్చేసింది. ఈసారి ఫారంలో ఇంకో గడి పెరిగింది, అమ్మ ఆధార్ నంబరు. ఇది రాస్తుండగానే ఇద్దరు ఇంటికి ఫోన్లు చేసి, బీరువాలో వెతకమని చెప్తున్నారు.

నా పేరు మాత్రం వేయకండి. మా అమ్మాయి అక్కడే బీకాం చదువుతోంది, వచ్చే ఏడాది దాని సర్టిఫికెట్ల పని ఉంది.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
ఉత్తర తెలంగాణ